సున్నాని నమ్మని మనిషి

ఇదొక మహాగాథ. ఇందులో అణుశక్తి ఉంది, అడవి ఉంది, గోదావరి ఉంది, కంటికి కనబడని, ముక్కుకు తెలియని, చెవికి వినబడని మృత్యువు ఉంది. ఆ మృత్యువుకు ఎదురుగా చేతిలో పసుపు రంగు మీటరుతో నిలబడిన ఒంటరి మనిషి ఉన్నాడు. పర్వాలుగా విడగొట్టి, మధ్యమధ్య పద్యాలు పెట్టి చెప్పదగిన కథ.

అనుకుని కూర్చున్నాను. తీరా రాయబోతే, అణుశక్తి గురించి నాకు తెలిసింది ఇంటర్వ్యూకు చదువుకున్నంతే. అడవి ప్లాంటు ప్రహరీకి అవతల ఉంది. గోదావరి మాకు నీళ్ళ పైపు రూపంలోనే పరిచయం. మృత్యువు మా డ్యూటీ వేళల్లో ఎప్పుడూ రాలేదు. ఇక మిగిలింది మీటరు పట్టుకున్న మనిషి. ఆయన కూడా ఒంటరి కాదు. పక్కన నేనున్నాను, తాడు చుట్ట పట్టుకుని.

ఆయన పోయాడని మొన్న మా ప్లాంటు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. అలాంటప్పుడు చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాలి. చాలాసేపటి దాకా ఒక్కటీ రాలేదు. అందరి వేళ్ళ చివరా ఒకే మాట ఆగి ఉందని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ దాన్ని టైపు చేసి చెరిపేశాను. చివరికి క్యాంటీన్ వంటమేస్త్రి ధైర్యం చేశాడు.

"ఎవరు చూశారంట?"

ఆ తర్వాతే దండాల బొమ్మలు మొదలయ్యాయి. వెటకారం కాదది. ఆయన మాటతోనే ఆయన్ని సాగనంపాం, అంతే.

గుండె ఆగి పోయాడు. రేడియేషన్ వల్ల పోయాడని రాస్తే కథకు కాస్త బలం వచ్చేది గానీ, సర్వీసంతా కలిపినా ఆయన ఒంటికి తగిలింది చెప్పుకోదగ్గంత ఏమీ లేదు. గుండె బాగాలేదని ఖమ్మంలో మూడు చోట్ల పరీక్ష చేయించుకున్నాడట. మూడు చోట్లా ఒకే జవాబు చెప్పారని వాళ్ళావిడ ఫోన్లో అన్నది. "మూడింటికీ ఒకే కంపెనీ మిషను అయ్యుంటది" అని ఆయన నాలుగో చోటు వెతుకుతున్నాడట. అంతలో గుండె తన మాట తనే నిరూపించుకుంది.

ఆయన పేరు చెప్పను. చెబితే, అది నా పేరేనని నీకెవరు చెప్పారు అని అడిగే మనిషి. పోయాడు కాబట్టి అడగడని నమ్మడానికి లేదు.

మేం రేడియేషన్ సేఫ్టీ టెక్నీషియన్లం. ఈ మాట వినగానే జనం కొంచెం వెనక్కి జరుగుతారు. ఖమ్మంలో మా మేనత్త నాకు విడిగా ఒక స్టీలు గ్లాసు కేటాయించింది, దాన్ని వేరే సబ్బుతో తోముతుంది. నిజానికి మా ప్లాంటులో తయారయ్యే భారజలానికి అణు విద్యుత్తుతో చుట్టరికం ఉందే గానీ, అది రేడియేషన్ చిమ్మదు. మరి మేమెందుకంటే, పైపులు అతికినప్పుడు ఆ అతుకుల లోపల పగుళ్ళున్నాయేమో చూడటానికి బయటి నుంచి ఒక ముఠా వస్తుంది. వాళ్ళు బరువైన పెట్టెలో మెంతిగింజంత రేడియోధార్మిక ముక్కను తెచ్చి, దాంతో ఇనుముకు ఎక్స్‌రే తీస్తారు. తీస్తున్నంతసేపు చుట్టూ తాడు కట్టి, ఎర్ర బోర్డు పెట్టి, లోపలికి ఎవరూ రాకుండా కాపు కాసి, మీటరుతో తిరగడం మా పని. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా మీటరుతో తిరగడం మా పని. అప్పుడు మీటరు సున్నా చూపిస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు మేం సున్నాను చూసి వస్తాం, సున్నా అని రాసి సంతకం పెడతాం. జీతం సున్నా కాదు కాబట్టి ఎవరం ఏమీ అనం.

మా సెక్షన్‌లో ఆ సున్నాను నమ్మని మనిషి ఆయనొక్కడే.

నేను చేరిన రోజు నా చేతిలో ఒక ముల్లు మీటరు పెట్టి స్టోర్ రూమ్ చూసి రమ్మన్నాడు. మూలమూలకూ తిప్పి, కొత్త ఉత్సాహంలో బీరువా కింద కూడా పెట్టి చూసి, సున్నా సార్ అన్నాను. ఆయన మీటరు తిరగేసి వెనక మూత తీశాడు. లోపల బ్యాటరీలు లేవు. అవి ఆయన చొక్కా జేబులో ఉన్నాయి.

"సున్నా రెండు రకాలయ్యా," అన్నాడు. "ఏమీ లేని సున్నా ఒకటి, మీటరు చచ్చిన సున్నా ఇంకోటి. రెండూ ఒక్కతీరుగానే కనబడతాయి."

గొప్ప మాట. గోడ మీద రాసుకుందామా అనిపించింది. అంతలో ఆయన బ్యాటరీలు వేసి మీటరు మళ్ళీ నా చేతికిచ్చి, నువ్వు బీరువా కింద పెట్టావని నాకేం నమ్మకం, మళ్ళీ వెళ్ళు అన్నాడు. రెండోసారి నేను పెట్టలేదు. ఆయన కిటికీ లోంచి చూస్తున్నాడు. మూడోసారి పెట్టాను.

ఆయనది ఎర్రుపాలెం వైపు. మిరప పండించే ఇల్లు. ఖమ్మం మిర్చి యార్డులో బస్తా పైన కనబడే కాయే అడుగున కూడా ఉంటుందని ఏ వ్యాపారీ నమ్మడు, చెయ్యి మోచేతి దాకా దూర్చి తీస్తాడు. ఈయన అలాంటి బస్తాల మధ్య పెరిగాడు. మనుషుల్ని కూడా అలాగే చూసేవాడు. మనం పైకి ఏదో చెబుతుంటే ఆయన చూపు మోచేతి దాకా లోపలికి దూరి ఉండేది. రాత్రి వాన పడింది సార్ అంటే ఎవరు చూశారంట అనేవాడు. నేల తడిగా ఉంది కదా సార్ అంటే, నీళ్ళు చల్లి ఉండొచ్చు అనేవాడు. ఊరంతా ఎవరు చల్లుతారు సార్ అని నేను అడిగితే, అది కనుక్కోవాలి అని నిజంగానే ఆలోచనలో పడేవాడు.

టీ గ్లాసు అందుకుంటే ముందు వాసన చూసి, తర్వాత గ్లాసును తిప్పి వెనక వైపు అంచు నుంచి తాగేవాడు, ముందు వైపు అందరూ తాగుతారని. అందరూ ఇలాగే అనుకుని వెనక వైపు నుంచి తాగితే ఏం చేస్తారు సార్ అని ఒకసారి అన్నాను. ఆ రోజు నుంచి ఇంటి నుంచి గ్లాసు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. భద్రాచలం గుడికి వెళ్తే ఎడమ చెప్పు ఒక చోట, కుడి చెప్పు ఇంకో చోట విడిచేవాడు. జత దొరక్కపోతే దొంగ ఏం చేసుకుంటాడని లెక్క. ఒకసారి కుడి చెప్పు ఎక్కడ విడిచాడో మర్చిపోయి ఒంటి చెప్పుతో బస్సెక్కాడు. దొంగ తెలివిమీరాడు అన్నాడు తప్ప మతిమరుపని ఒప్పుకోలేదు. డిస్పెన్సరీలో డాక్టరు బీపీ చూస్తుంటే ఆ మిషను మీద వేలితో రెండు దెబ్బలు వేసేవాడు, మీటరు మీద వేసినట్టే. డాక్టరు అలవాటు పడి తనే ముందు తట్టి మొదలుపెట్టేవాడు.

మా మీద, కాంట్రాక్టర్ల మీద, గేటు దగ్గర కుక్క మీద కూడా ఆయనకు అనుమానమే. అలాంటి మనిషి ప్లాంటు మొత్తంలో ఒక్కరిని నమ్మాడు. దాని ఫలితం ఏమైందో చెప్పడానికే ఇదంతా.

ఆ ఒక్కడు సమ్మయ్య. అడవి అంచు ఊరి మనిషి, కాంట్రాక్టు ముఠాలో మంచెలు కట్టే పని. ఎక్స్‌రే తీయాల్సిన అతుకు ఎత్తులో ఉంటే, అక్కడిదాకా గొట్టాలతో మంచె కట్టేది వీళ్ళే. మేం తాడు కట్టినప్పుడు ప్లాంటులో సగం మందికి అది క్యాంటీన్‌కు అడ్డంగా ఉన్నట్టు తోచేది. వంగి, కింద నుంచి దూరి పోయేవాళ్ళు. సమ్మయ్య చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. మేం చూస్తున్నామని అలా చేస్తున్నాడేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక, నన్ను కూడా పంపేసి, కంప్రెసర్ షెడ్డు వెనక దాక్కుని కాపు కాశాడు. సమ్మయ్య వచ్చాడు, అటూ ఇటూ చూశాడు, ఎవరూ లేరు, అయినా చుట్టూ తిరిగే వెళ్ళాడు. ఆయన షెడ్డు వెనక నుంచి వచ్చి ఈ సంగతి నాకు చెప్పినప్పుడు ముఖంలో ఒక రకం దిగులు కనబడింది. అనుమానించడానికి ఏమీ దొరకనివాడి దిగులు.

ఇక్కడ బ్యాడ్జి గురించి చెప్పాలి. ఎక్స్‌రే పని దగ్గరికొచ్చే వాళ్ళందరికీ ఛాతీ మీద పెట్టుకోవడానికి ఒక బ్యాడ్జి ఇస్తాం. అది మోగదు, వెలగదు, ఏమీ చేయదు. తనకు ఎంత రేడియేషన్ తగిలిందో లోపల దాచుకుంటుంది. మూడు నెలలకోసారి దాన్ని లాబ్‌కు పంపితే వాళ్ళు చదివి చెబుతారు. పని అయిపోగానే గేటు దగ్గరి ర్యాక్‌లో తగిలించి వెళ్ళాలి. ఇంటికి తీసుకెళ్ళకూడదు. ఈ నియమం ప్రతి శిక్షణలోనూ చెబుతాం, గోడ మీద కూడా రాసి ఉంటుంది.

ఒకసారి లాబ్ నుంచి వచ్చిన లెక్కల్లో అందరివీ ఎప్పటిలాగే ఉన్నాయి. సమ్మయ్యది మాత్రం మేమెవరం ఎన్నడూ చూడనంత పెద్ద సంఖ్య.

ఆ సాయంత్రమే అతని గేటు పాసు ఆపేశారు. విచారణ తేలేదాకా లోపలికి రాకూడదు. ప్లాంటు దవాఖానాలో రక్తం తీసి చూశారు, అంతా బాగానే ఉందన్నారు. సమ్మయ్యకు రేడియేషన్ భయం ఏ కోశానా లేదు. గేటు బయట మమ్మల్ని ఆపి అడిగింది ఒక్కటే.

"రక్తం మంచిగనే ఉందన్నరు గద సారూ. మరి నా పాసెందుకు గుంజుకున్నరు?"

ఆ భయంలో అర్థముంది. అది మరమ్మతుల కాలం, ముఠాలకు చేతినిండా పని ఉండే రోజులు. మంచెల ముఠా మేస్త్రి వారం చూస్తానన్నాడట. ఆ తర్వాత సమ్మయ్య చోటులో ఇంకొకర్ని పెట్టుకుంటాడు. ఒకసారి ఆ చోటు పోతే మళ్ళీ దొరకడం కష్టం, ఎందుకంటే వెనక అలాంటి సమ్మయ్యలు చాలామంది నిలబడి ఉంటారు.

ఆయనకు మాత్రం అది పండగ. అంటే సంతోషించాడని కాదు. జీవితమంతా సున్నాను అనుమానించిన మనిషికి మొదటిసారి సున్నా కానిది దొరికింది. ముందు ఎక్స్‌రే ముఠాను అనుమానించాడు, ఆ ముక్క పెట్టెలోంచి ఎప్పుడు బయటికి తీశారో, ఎప్పుడు లోపల పెట్టారో గుచ్చి గుచ్చి అడిగాడు. వాళ్ళ బ్యాడ్జిలు శుభ్రంగా ఉన్నాయి. తర్వాత మేస్త్రిని అనుమానించాడు. తర్వాత నన్ను. నీకూ సమ్మయ్యకూ ఏమైనా గొడవలున్నాయా, అతని బ్యాడ్జి తీసి ఎక్కడైనా పెట్టావా అని టీ తాగుతూ అడిగాడు. నేను దొంగతనానికి దిగితే బ్యాడ్జి ఎందుకు సార్, మీటరే ఎత్తుకుపోతాను, కనీసం అమ్ముడుపోతుంది అన్నాను. ఆయన నవ్వలేదు. మర్నాటి నుంచి మీటరు గొలుసుతో టేబులు కాలికి కట్టి ఉంది.

చివరికి సమ్మయ్యనే పిలిపించి గేటు బయట నిలబెట్టి అడిగాడు, డ్యూటీ అయ్యాక బ్యాడ్జి ఎక్కడుంటుందని.

"ఇంట్లనే సారూ. పెట్టెల పెట్టి తాళం వేస్త," అన్నాడు సమ్మయ్య, అందులో తప్పేముందన్నట్టు.

ర్యాక్‌లో ఎందుకు పెట్టలేదని ఆయన అడగలేదు. టీ ఇస్తే చక్కెర ఎందుకు వేశావని అడిగే మనిషి, ఇది అడగలేదు. నాకు అక్కడే అనుమానం రావాలి. వచ్చింది కూడా. ఆయన దగ్గర పనిచేస్తే అంటుకునే జబ్బు అదొక్కటే.

"బండి తియ్యి," అన్నాడు నాతో. "మీటరు సంచిలో పెట్టు. బయటికి కనపడనియ్యకు."

సంచిలో పెట్టడం వల్ల లాభం ఏమీ లేకపోయింది. సమ్మయ్య ఊళ్ళో మీటరు బయటికి తీసిన మరుక్షణం జనం పోగయ్యారు. ఆ వైపు ఊళ్ళకు అప్పుడప్పుడు బయటి నుంచి మనుషులు వస్తుంటారు, చేతిలో ఏదో యంత్రం పట్టుకుని, గుడుల చుట్టూ గుట్టల చుట్టూ తిరిగి లంకెబిందెలు వెతుకుతుంటారు. మేం వాళ్ళకన్నా ఎందులోనూ తేడాగా లేం. ఇంకా మాకు యూనిఫాం కూడా ఉంది. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి, బంగారమా వెండా సార్ అని అడిగాడు. ఇంకా తెలియదు అన్నాను. నిజమే చెప్పాను, కానీ చెప్పిన తీరు వల్ల జనం రెట్టింపయ్యారు.

సమ్మయ్య ఇల్లు రెండు గదులు. ఆయన మీటరు పట్టుకుని గడప దాటాడు, నేను వెనక. పొయ్యి దగ్గర ఏమీ లేదు. మంచం దగ్గర ముల్లు కొంచెం కదిలింది. మంచం కింద ఒక రేకు పెట్టె ఉంది. దాని వైపు వంచగానే మీటరు టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది, దగ్గరికి పోయేకొద్దీ వడ్ల మిషను లాగా అందుకుంది. నా ఉద్యోగంలో ఆ చప్పుడు అంత జోరుగా, ఎక్స్‌రే పెట్టె లేని చోట వినడం అదే మొదలు. గుమ్మం దగ్గర జనం మెడలు సాచారు. ఉన్న మాట చెప్పాలంటే నేను కూడా ఒక్క క్షణం లంకెబిందెలనే అనుకున్నాను.

సమ్మయ్య తల్లి అవ్వ అప్పటిదాకా గోడకు ఆనుకుని చూస్తూ ఉంది. లేచి వచ్చి, పెట్టెను బయటికి లాగి, దాని మీద కూర్చుంది. కొడుకుతో తమ భాషలో ఏదో అన్నది. ఆయన వెంటనే, నన్నేదో అంటుంది కదా, ఏమంటుంది అని అడిగాడు. మీకు చాయ్ పెట్టాల్నా అని అడుగుతుంది సారూ అన్నాడు సమ్మయ్య. ఆయన నమ్మలేదు. చాయ్ రాలేదు కాబట్టి ఈ ఒక్క విషయంలో ఆయన అనుమానం సరైందే.

"అమ్మా, పెట్టె తెరవాలి," అన్నాడు.

"తెరువ," అన్నది అవ్వ. ఈసారి తెలుగులో, మాకు అర్థం కావాలని. "నా ముసలాయన సామాను. తీస్కపోనియ్య."

తీసుకుపోం అని చెప్పాడు. ఆమె నమ్మలేదు. తీసుకుపోం అని ఒట్టు వేస్తామన్నాడు. ఒట్టును కూడా నమ్మలేదు. ఆయనకు సరిజోడు దొరికిందని నాకు లోపల్లోపల సంతోషం వేసింది. ఇద్దరూ ఒకరినొకరు మోచేతి దాకా చూసుకున్నారు. చివరికి ఆయన మీటరు అవ్వ చేతికిచ్చాడు. నీ దగ్గరే ఉంచుకో, పెట్టెలోది మేం ఏమైనా తీస్తే ఇది ఇవ్వకు అన్నాడు. ఆఫీసులో గొలుసు వేసి కాపాడుతున్న మీటరు అది. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒళ్ళో పెట్టుకుని, లేచి పక్కకు జరిగింది.

పెట్టెలో అవ్వ పెళ్ళి చీర ఉంది. ఒక కంచు గజ్జెల జత ఉంది. అడుగున మందపాటి అట్టపెట్టె. దాని నిండా పెట్రోమాక్స్ లైటుకు కట్టే తెల్లటి గుడ్డ తిత్తులు, మాంటిళ్ళు, కట్టలు కట్టలుగా. సమ్మయ్య తండ్రి ఒకప్పుడు పెళ్ళి ఊరేగింపులకూ జాతరలకూ లైట్లు మోసేవాడు. లైట్లను పాత సామాను వాళ్ళు కొనుక్కుపోయారు. మాంటిళ్ళను వాళ్ళు తీసుకోలేదు, ఎందుకూ పనికిరావని. అవ్వ దాచుకుంది. పాతకాలపు మాంటిళ్ళు బాగా వెలగడానికి వాటిలో థోరియం కలిపేవాళ్ళు. థోరియం రేడియేషన్ చిమ్ముతుంది. దానికి లైటుతో పని లేదు, పెళ్ళిళ్ళతో పని లేదు, పెట్టెలో ఊరికే కూర్చుని చిమ్ముతూనే ఉంటుంది. ఆ అట్టపెట్టె పైన, జాగ్రత్తగా రుమాలులో చుట్టి, సమ్మయ్య మూడు నెలలు బ్యాడ్జిని ఉంచిన చోట గుంట ఇంకా అలాగే ఉంది.

"ఇంతేనా?" అన్నాడు తలపాగా పెద్దమనిషి. గుమ్మం ఖాళీ అయింది. కానీ మేం వెళ్ళాక ఆ ఇంటి పెరట్లో ఎవరో తవ్వి చూశారట.

ఆయన అవ్వకు విడమరచి చెప్పాడు. పెట్టెలో ఉన్నంతకాలం ఏమీ కాదు, మంచం కింద మాత్రం వద్దు, చివరి గది అటకమీద పెట్టండి, పొడి చేసి పీల్చకండి. ఎవరు పీలుస్తరు బిడ్డా అన్నది అవ్వ. మీటరు వెనక్కిచ్చేముందు దాన్ని తన చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది. బంగారం ఉంటే ఇంకో తీరుగ మోగుతదా అని అడిగింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన బండి వెనక కూర్చున్నాడు. నేను సంబరంగా ఉన్నాను. సమ్మయ్య ఒంటికి ఏమీ తగల్లేదని తేలిపోయింది, తగిలింది బ్యాడ్జికి. పాసు వచ్చేసినట్టే కదా సార్ అన్నాను. బ్యాడ్జి ఇంట్లో ఎందుకుందని అడుగుతారు అన్నాడాయన. అవును సార్, ఎందుకుంది అన్నాను. అద్దంలో చూశాను. ఆయన అడవి వైపు చూస్తున్నాడు. అడవిని కూడా అనుమానంగానే.

విచారణ మా ఆఫీసు పక్క గదిలో జరిగింది. విచారణ అధికారి మంచివాడే, కానీ భోజనానికి ఆలస్యమైతే కాస్త చట్టం ఎక్కువగా మాట్లాడతాడు. ఆ రోజు ఆలస్యమైంది. మాంటిళ్ళ సంగతి విన్నాడు, ఫొటోలు చూశాడు, అంత రేడియేషన్ సమ్మయ్య ఒంటికి తగల్లేదని ఒప్పుకున్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి, అసలు సంగతి అది కాదన్నాడు. బ్యాడ్జిని ఇంటికి తీసుకెళ్ళడం నియమాన్ని ఉల్లంఘించడం. దానికి పాసు రద్దే.

సమ్మయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంట్లో పెట్టుకొమ్మని సారు చెబితేనే పెట్టుకున్నా అన్నాడు. గొంతు పెద్దగా లేదు. ఏ సారు అని అధికారి అడిగితే నేల వైపు చూశాడు తప్ప వేలు ఎత్తలేదు.

"ఇంట్లో పెట్టుకొమ్మని చెప్పినప్పుడు ఎవరైనా విన్నారా?"

గదిలో మేం ఐదుగురం. ఫ్యాను ఆరోది, అది కిర్రుకిర్రుమంటోంది. నేను వినలేదు. మేస్త్రి వినలేదు. ఎవరూ విని ఉండరు, ఎందుకంటే మా సారు ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకున్నాకే నోరు తెరిచే మనిషి. ఆయన ఇప్పుడు కదలకుండా ఉంటే చాలు. పదవీ విరమణకు దగ్గర్లో ఉన్నాడు. ఒక్క ముక్క మాట్లాడక్కర్లేదు.

"నేను విన్నాను," అన్నాడు.

అధికారి ఆయన వైపు తిరిగాడు. మీరా, అప్పుడు మీరెక్కడున్నారు అని అడిగాడు.

"అక్కడే. చెప్పింది నేనే కదా." ఎవరో ఇంకొకరి మీద ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పాడు. "ర్యాక్ మీద నమ్మకం లేక చెప్పాను. ఎవడైనా ఇతని బ్యాడ్జి పెట్టుకుపోతే వాడి లెక్క ఇతని మీద పడుద్దని. బంగారం ఎక్కడ దాచుకుంటావో అక్కడ దాచుకో అన్నాను. ఇతనికి బంగారం లేదు. అది నేను అడగలేదు."

గొప్ప క్షణం. సరిగ్గా అప్పుడే అటెండరు ట్రేతో వచ్చి, చక్కెర లేని టీ ఎవరిది అని అడిగాడు. ఎవరిదీ కాదు. అయినా అందరం గ్లాసులు చూసుకోవడానికి కొంత సమయం పట్టింది. ఆయన తన గ్లాసు తెచ్చుకోలేదు. ముందు వైపు నుంచే తాగాడు.

బయటికొచ్చాక నా నోరు ఆగలేదు. ఎవరూ చూడలేదు కదా సార్, ఎందుకు చెప్పారు అన్నాను.

"అదే భయం," అన్నాడు. "చూసింది నేనొక్కడినే. ఇవాళ ఊరుకుంటే, రేపు నాకే అనుమానం వస్తది, అసలు చెప్పానా లేదా అని."

మంచితనంతో చెప్పాడా, సమ్మయ్య మీద జాలితో చెప్పాడా, తన మీద తనకున్న అపనమ్మకంతో చెప్పాడా అన్నది నాకు ఈ రోజుకీ తేలలేదు. మూడోదని ఆయన మాట. ఆయన మాటను నేను పూర్తిగా నమ్మను. నాకు పని నేర్పింది ఆయనే.

ఆయనకు ఒక మెమో ఇచ్చారు. ఆయన దాన్ని వెలుతురు వైపు ఎత్తి పట్టి, కింద సంతకం అసలుదా కాదా అని చూశాడు. అసలుదే. ఆ తర్వాత కొన్నాళ్ళకు పదవీ విరమణ చేశాడు. సన్మాన సభలో శాలువా కప్పితే అంచు పట్టుకుని నలిపి చూశాడు, దండలో పూలు ప్లాస్టిక్‌వేమో అని వాసన చూశాడు. అందరూ ఆయన గురించి మంచి మాటలు చెప్పారు. ఆయన ఒక్కొక్కరి వైపు అదే చూపు చూస్తూ విన్నాడు. చివర్లో మైకు ఇస్తే, దాన్ని వేలితో రెండుసార్లు తట్టి, పనిచేస్తుందని రూఢి అయ్యాక, ఏమీ మాట్లాడకుండా వెనక్కి ఇచ్చేశాడు.

విచారణ అయిన మూడో రోజే సమ్మయ్య పాసుకు ఉత్తర్వు వచ్చింది. మేస్త్రి చెప్పిన వారం గడువు ఇంకా ఒక రోజు ఉంది, ముఠాలో చోటు అలాగే ఉంది. సమ్మయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు ఆఫీసుకు వచ్చాడు. ఆపిన పాసును మళ్ళీ ఇవ్వరట, కొత్తది చేయాలట. కొత్త కార్డుకు సమ్మయ్య దగ్గరున్న, నీలం తెర ముందు దిగిన ఫొటో చెల్లదు, వెనక తెల్ల తెరే ఉండాలి. తెల్ల తెర ఉన్న స్టూడియో సారపాకలో ఉంది. ఆ రోజు మంగళవారం, దానికి సెలవు.